కదలని బండ్ల బారు, నా తిరుగులేని లెక్క

మీరెప్పుడైనా ఎద్దు మొహంలోకి సూటిగా చూసి, "ఐదేళ్లలో నువ్వు తెచ్చే సొమ్ము ఇవాళ్టి విలువలో ఎంత?" అని అడిగారా? అడగలేదు కదా! అయితే మీరు నాకంటే వివేకవంతులు. నేను అడిగాను. అది జవాబు చెప్పలేదు. దాని తరఫున నేనే చెప్పుకున్నాను. ఆ జవాబు మా అక్క బంగారాన్ని, నా పరువును, నేను ఊరూరా మోసుకు తిరిగిన హేతువాదాన్ని ఒకే బండికి కట్టి, చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు దుమ్ములో దింపింది. ఆ ముచ్చటే చెబుతాను. నవ్వితే నవ్వండి. సగంలో మాత్రం లేచిపోకండి. సగంలో లేచిపోవాలని ఆ రోజుల్లో నాకూ గట్టిగానే అనిపించింది, వీలు కాలేదు.

అరవైల మొదట్లో సంగతి. మాది ధర్పల్లి. హైదరాబాదులో బి.కాం. చదివి, నిజామాబాదులో ఒక ట్యుటోరియల్‌లో లెక్కలూ వాణిజ్యమూ చెప్పేవాణ్ని. సాయంత్రాలు సభల్లో మూఢనమ్మకాల మీద ఉరిమేవాణ్ని. "కళ్లతో చూడనిది నమ్మకండి!" అని బల్ల గుద్దితే నీళ్ల గ్లాసు ఎగిరి ముందు వరుసలో పడేది. అందుకని ముందు వరుసలో ఎవరూ కూర్చునేవారు కారు. అది నా వాదనాబలమని అనుకునేవాణ్ని.

మా సత్తెక్కను బోధన్‌లో ఇచ్చారు. బావ జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. ఓ చిన్న పెంకుటిల్లు, ఒంటి మీది బంగారం, ఇవే అక్కకు మిగిలాయి. దినాలు కాగానే ఆమె మరిది గంగారాం వర్ని నుంచి వచ్చాడు. కాలువ కింద నాలుగెకరాల వరి, ఇంటి నిండా పిల్లలు ఉన్నవాడు.

"వదినె, ఒక్కదానివి ఈడేం జేస్తవ్? మా ఇంటికి రా," అన్నాడు. "పిల్లలున్నరు, బర్రెలున్నయ్, వంటున్నది. నీకు పొద్దువోతది. బంగారమమ్మితే వచ్చే పైసలంటవా, గవి నా దగ్గర భద్రంగ ఉంటయ్."

గమనించారా? ఆ ఆహ్వానంలో పనులన్నీ ఆమెవి, పైసలొక్కటే అతనివి.

"నేను రాను, మరిదీ," అంది అక్క. "గా పైసలతోని ఏదన్న పని పెట్టుకుంట. నా కూడు నేను తింట."

"సరే, ఉగాది దాక సూస్త. అప్పటికి పైసలు మునిగితే సామాను సదురుకొని మా బండెక్కాలె. పదిమంది ముంగట మాట."

"మాటే," అంది అక్క.

ఆ క్షణంలో నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. స్త్రీ తన కాళ్ల మీద తాను నిలబడాలని ఎన్ని ఉపన్యాసాలు దంచాను! ఇప్పుడు సొంత అక్కే నిలబడతానంటోంది. నిలబెట్టే బాధ్యత ఎవరిది? నాది. ఆమె అడిగిందా అంటారా? అడగలేదు. సంస్కర్త ఎవరైనా అడిగేదాకా ఆగుతాడా?

ఏ పనిలో పెట్టాలన్నది ప్రశ్న. అక్క రెండు బర్రెలు కొని హోటళ్లకు పాలు పోస్తానంది. పొరుగింటివాళ్లు కుట్టుమిషను కొనమన్నారు. మూడో ఆలోచన నాది. నిజామాబాదు నుంచి రైల్లో బోధన్‌కు వస్తుంటే కిటికీలోంచి చూశాను. ఫ్యాక్టరీ వైపు చెరకు బండ్లు, ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం బారులు తీరి ఉన్నాయి. అబ్బ, ఎంత వ్యాపారం! ఒక బండి, ఒక జత ఎడ్లు కొని, జీతగాణ్ని పెట్టి, రైతుల చెరకు కిరాయికి తోలితే? నా బుర్రలో ఎడ్ల గంటలు మోగాయి.

అయినా నేను హేతువాదిని కదా, ఊరికే నిర్ణయిస్తానా? ట్యుటోరియల్‌లో పిల్లలకు నేర్పే పద్ధతి ఉంది. ఇవాళ చేతిలో ఉన్న వందా, వచ్చే ఏడు రాబోయే వందా ఒకటి కావు. ఇవాళ్టి వందను పది శాతం వడ్డీకిస్తే ఏడాదికి నూటపది అవుతుంది. కనుక వచ్చే ఏడు రాబోయే నూటపదికి ఇవాళ్టి విలువ వందే. అట్లా ఒక్కో పెట్టుబడి ముందుముందు తెచ్చే ఆదాయాన్నంతా ఇవాళ్టి విలువకు కుదించి కూడాలి. అందులోంచి పెట్టిన సొమ్ము తీసేయాలి. ఏది ఎక్కువ మిగిలిస్తే అది గెలిచినట్టు. బర్రెలు, మిషను, బండి: మూడింటికీ ఒకే త్రాసు. ఎంత న్యాయం! ఎంత శాస్త్రం!

గంగారాం ఊరుకోలేదు. మరుసటి ఆదివారం ఒక పంతులును వెంటబెట్టుకొచ్చాడు. ఆయన పంచాంగం తిప్పి, "ఈ ఏడు ఈమెకు నాలుగు కాళ్ల జీవం అచ్చిరాదు," అని తేల్చాడు.

"మా బల్లకు కూడా నాలుగు కాళ్లే పంతులుగారూ, బయట పారేయమంటారా?" అన్నాను.

"జీవం అన్నాను నాయనా."

"పోనీ కుంటెద్దును కొంటే? మూడు కాళ్లే లెక్క కదా. మీ గ్రహాలకు అభ్యంతరమా?"

పంతులు పంచాంగం మూసేశాడు. నేను పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసుకుని గోడ దగ్గరికి నడిచాను. కాగితం చాలదు కదా, సత్యానికి గోడ కావాలి!

"తమ్మీ, మొన్ననే సున్నమేసిన!" అక్క అరిచింది.

"సున్నం మల్ల ఏస్కోవచ్చక్కా, గిది సైన్సు."

రాశాను. బర్రెలు వట్టిపోయే నెలలు తీసేశాను. వాటి రోగాలు, గడ్డి ధర, పాలల్లో నీళ్లు కలపనందువల్ల మా అక్కకు కలగబోయే నష్టం, అన్నీ లెక్కకు పట్టించాను. మిషనుకు పెండ్లిళ్లు లేని నెలలు తీసేశాను. బండి సంగతేమిటి అంటారా? చెరకు ఆడేది కొన్ని నెలలేనని, ఎడ్లు మాత్రం ఏడాదంతా తింటాయని కూడా పట్టించాను. నన్నంత అమాయకుణ్ని అనుకోకండి. పొలం నుంచి ఫ్యాక్టరీకి దూరం కొలిచి, ఎడ్ల నడక కట్టి, పొద్దున ఒక ట్రిప్పు, మాపటికి ఒక ట్రిప్పు అని రాశాను. కూడితే బండి మిగతా రెండింటినీ తొక్కుకుంటూ పోయింది. రెండో ఏడు తిరక్కుండానే పెట్టిన సొమ్మంతా వెనక్కొస్తుంది! ఎద్దు లేదు, బండి లేదు, ఐదో ఏటి లాభం మాత్రం గోడ మీద నల్లగా మెరుస్తోంది.

పంతులు ఆ గోడను చాలాసేపు తేరిపార చూసి, "ఈ యంత్రం ఎవరు వేసిచ్చారు?" అని భక్తిగా అడిగాడు.

అక్క ఒక్కతే గొణుగుతూ నిలబడింది. "రోజుకు రెండు ట్రిప్పులంటున్నవ్. లైనుల శానసేపు నిలవడ్తరంట గద తమ్మీ. గది యాడ రాసినవ్?"

"లైనంటే గిరాకీ అక్కా! గిరాకీ లేని కాడ లైనెందుకుంటది?"

"నువ్ సూసినవా?"

"కండ్లార సూసిన. రైల్లకెల్లి."

అక్క నా మాట మీద బంగారం అమ్మింది. అంగడిలో ఎడ్ల బేరం కూడా నేనే చేశాను. మరాఠీ దళారి ఒకడు ఎద్దు వీపు చరిచి, "ఘ్యా సాహేబ్, చాంగలా బైల్ ఆహే," అన్నాడు. తీసుకోండి, మంచి ఎద్దు అని.

"దీని ఉపయోగకరమైన ఆయుష్షు ఎంత?" అని గంభీరంగా అడిగాను. నా సూత్రంలో ఆ గడి ఖాళీగా ఉంది మరి.

అతను నన్నూ ఎద్దునూ మార్చి మార్చి చూసి, వచ్చీరాని తెలుగులో అన్నాడు: "సచ్చేదాక బత్కుతది, సాహేబ్."

చెరకు తీపి కదా అని వేళ్లతో సహా నమిలాడట వెనకటికొకడు. నేను బండిని, ఎడ్లను, అక్క మెడలోని బంగారు గుండ్లను కలిపి నమిలేశాను.

సాయిలు అనే కుర్రాణ్ని జీతానికి పెట్టాం. మొదటి చెరకు ఎత్తుకుని పొద్దున పోయాడు. మాపటికి రెండో ట్రిప్పు కొట్టి వస్తాడని అక్క అన్నం వండి కూర్చుంది. ఆ మాపు రాలేదు. మరునాడూ రాలేదు. చివరికి నేను నిజామాబాదు నుంచి శనివారం రైలు దిగేసరికి, సాయిలు పగ్గాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సార్, నా లగ్గమయ్యి నెల కాలె. గీ లైనుల ఇంకిన్ని దినాలుంటే నా పెండ్లాం నన్ను గుర్తు వట్టది. నీ బండికి దండం."

ఇంకో మనిషి దొరకలేదు. ఎత్తిన చెరకు బారులోనే ఉంది. ట్యుటోరియల్‌కు సెలవు చీటీ పంపి నేనే బండెక్కాను. ధోవతి కట్టుకోవడం వచ్చిన ప్రతివాడికీ బండి తోలడం వస్తుందని నా నమ్మకం. అయితే అక్కడ తోలాల్సిన పని లేదని తర్వాత తెలిసింది. ఆ బారులో బండి తోలరు. బండి మీద కాపురం చేస్తారు.

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. దిగాను, గేటు దాకా నడిచాను, తూకం వేసే కాంటా ముందు ఎన్ని బండ్లున్నాయో చూశాను, వెనక్కొచ్చాను, ఎక్కాను, మళ్లీ దిగాను. ఒంట్లో చీమలు పాకుతున్నట్టుంది. నా ముందు బండి ఖాదర్ అనే ఆయనది. బోధన్‌వాడే. చెరకు మీద బొంత పరిచి, నవాబులా పడుకుని నన్నే చూస్తున్నాడు.

"సాబ్, కూసో. నువ్ తిరిగితే లైను తిరగదు."

"అసలెందుకు కదుల్తలేదు?"

"చెరకంత ఒక్కపారె పండె. మిల్లుకు నోరు ఒక్కటే ఉండె. ఏం జేస్తది?"

"మీరంత గిట్ల ఊకుంటరా? తిరగబడాలె!"

"ఎవరి మీద సాబ్?" ఖాదర్ లేచి కూర్చున్నాడు, నిజంగానే ఆసక్తిగా. "చెరకు మీదనా?"

జేబులోంచి పెన్సిలు తీశాను. రోజుకు రెండు ట్రిప్పులను కొట్టేసి ఒకటి చేశాను. మధ్యాహ్నానికి దాన్నీ కొట్టేసి రెండు రోజులకు ఒకటి చేశాను. పొద్దుగూకేసరికి పెన్సిలు మొన పోయింది. నా లెక్క ప్రకారం పెట్టిన సొమ్ము వెనక్కి రావాలంటే ఈ ఎడ్ల ఆయుష్షు చాలదు, వీటి మనవళ్లు కూడా లాగాలి. ఎద్దుకు మనవళ్లుండరని అప్పుడు గుర్తొచ్చి ఇంకా దిగులేసింది.

అంతలో ఖాదర్ పిలిచాడు. "సాబ్, నీ ఎడ్లు నా చెరకు తింటున్నయ్."

"నీ ఎడ్లు ముంగటాయనది తింటలేవా?"

"తింటున్నయ్. గందుకే లొల్లి జేస్తలేను. సంగతి జెప్తున్న."

వెనక్కి తిరిగి చూస్తే నా వెనక బండి ఎడ్లు నా చెరకును భోజనానికి కూర్చున్న పెండ్లివారిలా నములుతున్నాయి. ప్రతివాడూ వెనకవాడికి పోగొట్టుకున్నది ముందువాడి దగ్గర రాబట్టుకుంటున్నాడు కనుక ఎవరికీ నష్టం లేదని నిలబడి వివరించాను. బారులో అందరూ ఒప్పుకున్నారు. మొదటి బండివాడు తప్ప. పాపం, వాడి ఎడ్లకు ముందు గేటు తప్ప ఏమీ లేదు.

పోనీ ఇంతటితో ఆగిందా? నిలిచిన చెరకు ఎండి తూకం తగ్గింది. రైతు ఆ తరుగును నా కిరాయిలో కోశాడు. మళ్లీ చెరకెత్తాను, మళ్లీ బారులో చేరాను, మళ్లీ కోశాడు. అక్క దగ్గర మిగిలిన చిల్లర ఎడ్ల గడ్డికి పోతోంది. ఉగాది దగ్గరపడుతోంది. వర్ని నుంచి గంగారాం ఎవరితోనో కబురు కూడా పంపాడు: "అర్ర ఖాళీ చేయించిన, వదినెను రమ్మను." వంటింటి పక్క గది.

అన్నింటికంటే ఘోరం ఇంకొకటి ఉంది. ఊళ్లో పంతులు పేరు మోగిపోయింది! "నాల్గు కాళ్లది వద్దని జెప్పనే జెప్పిండు. గా సదువుకున్న సారు ఇనలె." అంతే, ఆయన ఇంటి ముందు జనం బారులు తీరారు. ఆ బారు నా బండి బారు కంటే చకచకా కదులుతోందట. ఒక హేతువాదికి ఇంతకంటే శిక్ష ఉందా? ఇన్నేళ్లు నేను నరికిన చెట్టుకు నా చేతులతో నేనే ఎరువు వేశాను.

"పంతులు చెప్పిండంట గద సాబ్?" అన్నాడు ఖాదర్, బారులో పదిమందీ వింటుండగా.

నేను బండి మీద లేచి నిలబడ్డాను. "ఆయన బర్రెలు కూడా వద్దన్నడు! బర్రెలు కొంటే బాగుపడేవాళ్లం! గ్రహాలకు ఈ లైను సంగతి తెలుసా? తెలియదు! ఆయన చూడకుండా చెప్పిండు!"

"సై," అన్నాడు ఖాదర్. "నువ్ సూసి చెప్పినవా?"

బారంతా నా మొహం వైపు తిరిగింది. ఎడ్లు కూడా నమలడం ఆపాయనిపించింది. మెల్లగా కూర్చున్నాను. రోజుకు రెండు ట్రిప్పులని రాశానే, ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఎక్కడ చూశాను? ఎక్కడా చూడలేదు. రైలు కిటికీలోంచి బండ్లను చూశాను కానీ, అవి కదులుతున్నాయా అని చూడలేదు. వడ్డీ గుణకారాలన్నీ సరిగ్గానే చేశాను. కానీ అడుగున పెట్టిన రాయి ఒట్టి నమ్మకం. పంతులు పంచాంగాన్ని నమ్మితే, నేను నా బొగ్గును నమ్మాను. ఆయన కనీసం గోడ పాడుచేయలేదు.

మరునాడు పొద్దున అక్క నాకు తిండి తెచ్చింది. గంపలో జొన్నరొట్టెలు, వంకాయకూర, ఎర్రకారం. నేను గంగారాం అర్ర గురించి ఎట్లా మొదలుపెట్టాలా అని నసుగుతుంటే, ముందు బండి మీది బొంత కదిలింది.

"అక్కా, ఒక్క రొట్టె ఉంటే ఇస్తవా? పైసలిస్త. మూడు పూటలాయె అటుకులు బుక్కవట్టి."

"పైసలెందుకన్నా, తిను," అని అక్క ఇచ్చింది. వెనక బండివాడు దగ్గాడు. వాడికీ ఇచ్చింది. ఆ వెనకవాడు దిగే వచ్చాడు. నా వాటా వచ్చేసరికి గంపలో కారం మిగిలింది.

"వీళ్లంత గిట్లనే ఉంటరా తమ్మీ, ఆకలికి?" అంది బారు పొడుగునా చూస్తూ.

"గిట్లనే. ఇంకా పెరుగుతరు గని తగ్గరు."

ఇంకొకరైతే ఊరుకునేవారు. నేను ఊరుకోలేదు. ఆమె మనసులో ఏముందో పసిగట్టి పెన్సిలు తీశాను. "అక్కా, గిది నడవది. సీజను అయిపోంగనే గిరాకీ సున్న. ఇవాళ్టి విలువకు కుదిస్తే..." అంటూ, కాగితం లేక బండి పలక మీద రాయబోయాను.

అక్క నా చేతిలోంచి పెన్సిలు లాక్కుని కొప్పులో దోపుకుంది. "గోడ ఖరాబు జేసినవ్, ఊకున్న. నా రొట్టెల జోలికొస్తే సూడు! నాల్గు నెలలు పొయ్యి మండితే, ఎన్మిది నెలలు నీ ఉపన్యాసాలు ఇనుకుంటనన్న బత్కుత."

ఆ వారమే ఎడ్లను అమ్మేసింది, నష్టానికే. నేను అడ్డం పడ్డాను. "పెట్టిన పైసలు పోతయక్కా!" "పోయినయ్ పోయినయ్. వాటెంబడి ఉన్నవాటిని గూడ తోలుమంటవా?" బండిని మాత్రం ఉంచుకుంది. దాన్ని గేటుకు కొంచెం ఇవతల ఆపించి, పైన పట్టా కట్టి, పక్కన ఇనుప ముక్కాలి పొయ్యి పెట్టింది. అక్క వ్యాపారం మహా అధ్వానం, నిజం చెప్పాలంటే. చిల్లర లెక్క తప్పేది, బక్కగా ఉన్నవాడికి రెండో రొట్టె ఊరికే వేసేది, ఖాదర్ దగ్గర పైసలు తీసుకోవడం మరిచిపోయేది. అయినా పొద్దూకేసరికి కొంగుముడి బరువెక్కేది. ఎట్లా అని నన్నడగకండి. నా పెన్సిలు ఆమె కొప్పులో ఉంది.

పంతులు ఊరుకున్నాడా? ఓ రోజు వచ్చి చూసి, "నేను నాలుగు కాళ్లదే వద్దన్నాను. మూడు కాళ్ల పొయ్యిని ఎప్పుడు వద్దన్నాను?" అని అందరికీ వినబడేలా అనేసి వెళ్లిపోయాడు. పళ్లు కొరుక్కుని గిన్నెలు తోమాను. అవును, గిన్నెలు తోమే పని నాదే. ఆదివారాలూ సెలవులూ అదే నా కొలువు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గోడ మీద గెలిచి గేటు దగ్గర ఓడినవాడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?

ఉగాది నాడు గంగారాం వచ్చాడు. సామాను కోసం ఖాళీ బండి తోలుకుని, ఇద్దరు పెద్దమనుషులను సాక్ష్యానికి ఎక్కించుకుని మరీ వచ్చాడు. ఇంటికి తాళం చూసి గేటు దగ్గరికొచ్చాడు.

"వదినె, ఎడ్లమ్ముకున్నవంట. మాట మాటే. నడువు," అన్నాడు.

అక్క తలెత్తలేదు, రొట్టె తిప్పుతోంది. "శాన దూరంకెల్లి వస్తివి. ముందుగాల కూసో, తిను, మరిదీ. ఓ పెద్దమనుషులూ, మీరు గూడ."

ఎండలో వచ్చినవాళ్లు. కూర్చున్నారు. గంగారాం ఒకటి తిన్నాడు, ఇంకోటి అడిగాడు, కారం బాగుందన్నాడు, మూడోదీ తిన్నాడు. నోరు కడుక్కుని లేచి, "ఇగ నడువు," అన్నాడు.

"నడుస్తగని, పైసలియ్యి."

"ఏం పైసలు?"

"తిన్నయి. నీ ఒక్కనియి కావు, నువ్ తోలుకొచ్చిన ఇద్దరియి గూడ."

"ఇంటోళ్ల దగ్గర పైసలా వదినె!"

"నీ ఇంట్ల వండితే ఇంటిదాన్నే, ఊకెనే వండుతుంటి," అంది అక్క, అట్లకాడ ఎత్తి. "గిది నా పొయ్యి."

బారులో బండ్ల మీంచి ఒకటే ఈలలు. ఇద్దరు పెద్దమనుషులూ మొదట ఒకరి మొహాలొకరు చూసుకున్నారు, తర్వాత గంగారాం మొహం చూశారు. పెద్దాయన మీసం తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు: "ఇచ్చెయ్, గంగారాం. మునిగినోళ్లు పైసలడగరు." గంగారాం రుమాలు విప్పాడు, లెక్కపెట్టి ఇచ్చాడు. అక్క చిల్లర తప్పు లెక్కపెట్టి కాస్త ఎక్కువే తిరిగిచ్చింది. అతను అది కూడా లెక్కపెట్టుకుని, ఖాళీ బండెక్కి వర్నికి పోయాడు.

ఆ పూట, మోచేతుల దాకా బూడిదతో, ఎంగిలి పళ్లేల గుట్ట ఎదుట, సకల మానవాళి సాక్షిగా (అంటే ఖాదర్ ఒక్కడే, ఆయనా నిద్రపోతున్నాడు) నేను ప్రతిజ్ఞ చేశాను: "నేను స్వయంగా నిలబడని బారులో ఇంకొకరి బంగారాన్ని ఇక ఈ జన్మలో నిలబెట్టను. ఎద్దునైనా, మనిషినైనా అడక్కుండా వారి తరఫున జవాబు చెప్పను. పంతుళ్లకు ఉచితంగా ప్రచారం చేయను." ఈ మూడింటిలో రెండింటిని ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను. ఏ రెండో అడగకండి.

లెక్క వద్దని నేననడం లేదు. ఈ కథ విని ఎవరైనా "చూశావా, చదువుతో ఏమీ కాదు" అంటే వాళ్లతో ఇప్పటికీ కొట్లాటకు దిగుతాను. వడ్డీ కట్టండి, విలువ కుదించండి, మూడు దారులనూ ఒకే త్రాసులో తూచండి. కానీ ఆ త్రాసులో వేసే ప్రతి అంకెనూ, "నిన్నెవరు చూశారు?" అని గల్లా పట్టి అడగండి. మీ జేబులోనూ ఇప్పుడొక కాగితం ఉండే ఉంటుంది. పిండిగిర్నీయో, నూనె ఇంజనో, బావమరిది చెప్పిన లారీయో. అందులో రోజుకు ఇంత అని ఒక అంకె ఉంటుంది. దాన్ని మీరు చూడలేదు, నాకు తెలుసు. చెప్పులేసుకోండి. ఆ పని జరిగే చోటికి పోయి, పొద్దుటి నుంచి మాపటి దాకా నిలబడి, ఏది కదులుతోందో ఏది కదలడం లేదో మీ కళ్లతో చూసి రండి. ఆ తర్వాతే ఇంట్లో ఆడవాళ్ల బంగారం మాటెత్తండి.

ఇంకా కూర్చునే ఉన్నారా? లేవండి!